లైటు పట్టినంత మేర

మా బావ తాగడు, కొట్టడు, గొంతు కూడా పెంచడు. వీధిలో ఎవరిని అడిగినా బంగారంలాంటి మనిషనే చెబుతారు. ఆయన చేసిందల్లా ఒక్కటే. రోజూ పొద్దున్నే షాపుకు వెళ్తూ మా అక్క స్కూటరు ఫ్యూజు పీకి జేబులో వేసుకుని వెళ్లేవాడు.

"అయ్యో, పొద్దున చూద్దామని తీశా, మళ్లీ పెట్టడం మరిచిపోయా" అనేవాడు సాయంత్రం. అలా కొన్నేళ్లపాటు రోజూ మరిచిపోయాడు. బజారుకైనా, మా ఇంటికైనా, అక్క నర్సుగా పనిచేసే ఆసుపత్రికైనా ఆయన దింపితేనే వెళ్లాలి, ఆయన తీసుకొస్తేనే రావాలి. ఆయనకు వీలు కుదరని రోజులు ఎక్కువై ఆసుపత్రి ఉద్యోగం ఊడింది. కిందటేడు ఒక మధ్యాహ్నం అక్క చెప్పులేసుకుని నడిచి మా ఇంటికి వచ్చేసింది. అమ్మ ముక్కున వేలేసుకుంది. "ఫ్యూజు తీస్తాడని మొగుణ్ని వదిలేశావంటే నలుగురూ నవ్వుతారే" అంది. నవ్వేవాళ్లను ఒకసారి నా దగ్గరికి పంపమన్నాను.

ఆయన బండ్ల కరెంటు పని చేస్తాడు. ఆ పనిలో మా చుట్టుపక్కల ఆయన్ను మించినవాడు లేడు. అలాంటి మనిషి దగ్గరికి మేమే వెళ్లి, ఆయనకు దొరక్కుండా పోవడానికి సిద్ధం చేసుకున్న కారుకు ఆయన చేతనే వైరింగు చేయించుకున్నాం. వింటే మాకు మతి పోయిందనుకుంటారు. వేరే దారి ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని.

అక్కకు దూరంగా ఒకచోట ఉద్యోగం దొరికింది. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి, మందులిచ్చి రావాలి. అక్కడ ఇళ్లు విసిరేసినట్టు ఉంటాయట, అందుకని సొంత కారు ఉండి తీరాలన్నారు. సోమవారం పొద్దున కారుతో సహా కనబడకపోతే ఇంకొకరిని పిలుచుకుంటారు. ఆ ఊరి పేరు అక్కకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మ కడుపులో మాట దాగదు కాబట్టి అమ్మకు కూడా చెప్పలేదు. ఇంతకుముందు దగ్గర్లోనే ఒక క్లినిక్కులో చేరితే బావ రోజూ వచ్చి బయట బల్లమీద కూర్చున్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఊరికే కూర్చున్నాడు, నవ్వాడు, అక్క బయటికొస్తే లేచి నిలబడ్డాడు. నెల తిరక్కుండానే వాళ్లు అక్కను మానెయ్యమన్నారు. కొత్త ఊరి పేరు ఆయన చెవిన పడితే అక్కడా అలాంటి బల్ల ఒకటి వెతుక్కుంటాడని మాకు బాగా తెలుసు.

కారు నాన్నది. నాన్న పోయాక ఇంటి పక్క సందులో పట్టా కప్పుకుని పడి ఉంది. దాని ఇంజన్ ఎప్పుడో బిగుసుకుపోయింది. నేను పాత బండ్లు విప్పి అమ్మే యార్డులో పని చేస్తాను. గుద్దుకుని వచ్చిన ఒక కొత్త బండిలో ఇంజన్ చెక్కు చెదరకుండా ఉంది. మా యజమాని అది నాకు ఇచ్చేశాడు. ఇచ్చిందే తడవుగా దాన్ని బయటికి తీశాను, తీయడంలోనే కొంప ముంచాను.

మా యార్డులో ఇంజన్ తీయడానికి ఒక పద్ధతి ఉంది. ముందు గొట్టాలు కోస్తాం, తర్వాత వైర్లు కోస్తాం, ఆ తర్వాత గొలుసు వేసి లేపేస్తాం. వైర్లను ఎవరూ విప్పరు. విప్పితే పూట గడిచిపోతుంది. కోసిన వైర్లన్నీ సంచిలోకి, సాయంత్రానికి రాగి కరిగించేవాడి దగ్గరికి వెళ్తాయి. ఈ పనిలో నా చేయి ఎంత చురుకంటే యార్డులో అందరూ నన్ను కట్టరు అని పిలుస్తారు. ఈ ఇంజన్ సొంత అక్క కోసమని తెలిసి కూడా నా చేయి అలవాటు ప్రకారం కసుక్కున కోసేసింది. నాన్న కారులో ఇంజన్ కూర్చోబెట్టి, బోల్టులన్నీ బిగించి, తృప్తిగా చేతులు తుడుచుకునే సమయానికి గాని చూసుకోలేదు. ఇంజన్ చుట్టూ జానెడేసి మొండి తోకలు వేలాడుతున్నాయి. వాటి రెండో సగం అప్పటికే కరిగిపోయింది.

ఎలక్ట్రీషియన్ల కోసం తిరిగి తిరిగి నా కాళ్లరిగాయి. పెద్ద గ్యారేజీ వాడు బానెట్ కిందికి ఒక్కసారి చూసి, కొత్త వైరింగు తెప్పించాలన్నాడు. ఆయన చెప్పిన రేటుకు ఇంకో కారు వస్తుంది. ఇంకొకడు టీ తాగి, తోకలన్నీ ఒకసారి దువ్వి, పనిముట్లు తెస్తానని వెళ్లి ఫోను ఆపేసుకున్నాడు. మూడోవాడు మాత్రం నిజం చెప్పాడు.

"ఇలా కోసిన దాన్ని అతికించాలంటే ఒక్కో తీగ ఎక్కడి నుంచి ఎక్కడికో తలలో ఉండాలమ్మా. మాకు కాదు. ఇంట్లోనే మొనగాణ్ని పెట్టుకుని నా దగ్గరికి వచ్చారేంటి. మీ బావగారికి చెప్పలేకపోయారా?"

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఈ మాట అక్కకు చెప్పాను, తిట్టించుకుందామనే చెప్పాను. అక్క తిట్టలేదు. చాలాసేపు కంచంలో వేలు ఆడించింది.

"పిలు" అంది.

"నీకు పిచ్చా?"

"పిలవకపోతే కారు లేదు. కారు లేకపోతే ఇక్కడే ఉంటాను. ఇక్కడ ఉంటే ఏదో ఒకరోజు అమ్మే నన్ను తీసుకెళ్లి దింపి వస్తుంది." అమ్మ వంటగదిలో గిన్నెల చప్పుడు ఆపింది. అక్క గొంతు తగ్గించింది. "బండి నీకని చెప్పు. సామాన్లు తోలుకోవడానికని చెప్పు. నా సంగతి ఎత్తకు."

"ఆయన ఏదో ఒక తిరకాసు పెట్టకుండా చేస్తాడా?"

"ఆయన ఇంట్లో అబద్ధాలాడతాడు. పనిలో ఆడడు. నాకు తెలుసు, అన్నేళ్లు పక్కన లైటు పట్టుకుని నిలబడ్డాను."

ఆ మాట నాకు మింగుడు పడలేదు. కానీ మరునాడు ఆయన షాపుకు వెళ్లాను.

బావ షాపు ఒక మనిషి వెడల్పు ఉంటుంది. గోడల నిండా రంగురంగుల తీగల చుట్టలు, ఏ చుట్ట ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు.

"ఏం మరదలా, ఇన్నాళ్లకు దారి తప్పావా?"

ఒకప్పుడైతే ఈ మాటకు నా దగ్గర పది జవాబులుండేవి. మా ఇద్దరికీ వేళాకోళం లేకుండా పూట గడిచేది కాదు, పెళ్లిలో ఆయన చెప్పులు దాచింది కూడా నేనే. ఇప్పుడు నేరుగా పనిలోకి దిగాను. ఇంజన్ సంగతి చెప్పాను. బండి నాకేనన్నాను. సోమవారానికి కావాలన్నాను. ఆయన అన్నీ విని, ఎందుకంత తొందర అని అడగలేదు. అడగకపోవడమే నాకు నచ్చలేదు.

"డబ్బులు గిబ్బులు ఏం వద్దు. మీ అక్కను లైటు పట్టమను చాలు. వేరేవాళ్లు పడితే నా చేయి ఆడదు."

శనివారం పొద్దున్నే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, అమ్మకు పళ్లు తెచ్చాడు. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. బానెట్ ఎత్తి మొండి తోకలను ఒక్కొక్కటే పట్టి చూశాడు.

"ఎవరు కోశారిలా?"

"నేనే."

"ఇంజన్ తీశావా, గొంతు కోశావా?" అని నవ్వి, జేబులోంచి చిన్న టార్చి లైటు తీసి, నా మీదుగా చేయి చాచి అక్కకు అందించాడు. ఏడాది తర్వాత మళ్లీ ఒకే పనికి నిలబడ్డ మనుషుల మధ్య నడిచింది అంతే. అక్క లైటు తీసుకుంది.

పని మొదలైంది. పని చేస్తున్నప్పుడు ఆయన్ను చూడాలి. రెండు వేళ్లతో తీగ పట్టుకుని, దాని మొదలు ఎక్కడో తడుముతూ వెళ్లి, "ఇది పెట్రోలు పంపుది" అంటాడు. ఒలిచి, మెలేసి, కాల్చి అతికి, టేపు చుడతాడు. చుట్టిన టేపు మీద ఒక్క ముడత ఉండదు. అక్క ఆయన భుజం వెనక నిలబడి లైటు పట్టుకుంది. ఇల్లు విడిచినప్పటి నుంచి ఆయన్ను మీరనీ అనదు, నువ్వనీ అనదు. "ఇటా, అటా?" అంటుంది. "ఇంకొంచెం కిందికి... ఆఁ, అక్కడ" అంటాడు ఆయన. వెలుగు అక్కడికి వెళ్తుంది. ఆ చేయీ ఈ గొంతూ అంత చక్కగా కలిసి పోతుంటే నాకు భయం వేసింది. ఏ పూటైనా అక్క ఆ అలవాటులోకి మళ్లీ జారిపోతుందేమోనని కాలు కాలిన పిల్లిలా వాళ్లిద్దరి చుట్టూ తిరిగాను.

ఆదివారం మధ్యాహ్నానికి బానెట్ కింద పని పూర్తయి బావ కారు లోపలికి వచ్చాడు. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని తీగలన్నీ గుత్తిగా కట్టాడు.

"నువ్వు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కు" అన్నాడు అక్కతో. "మరదలా, నువ్వు వెనక్కి వెళ్లి దీపాలు వెలుగుతున్నాయో లేదో చూడు."

వెళ్లాను. వెలుగుతున్నాయి. చెప్పాను. "ఇంకోసారి" అన్నాడు. చెప్పాను. "ఇంకా తొక్కి పట్టుకో." వెలుగుతున్న దీపాలను చూస్తూ వెనక ఎంతసేపు నిలబడ్డానో, నా కాళ్లు పీకాయి. ఆఖరికి ఆయన లేచి దుమ్ము దులుపుకున్నాడు.

అక్క తాళం తిప్పింది. మీటర్ల పక్కన ఎర్ర దీపం ఒకటి వెలిగింది. సెల్ఫు గరగరమంది, ఇంజన్ ఒక్కసారి దగ్గి అందుకుంది. ఎర్ర దీపం ఆరిపోయింది. ఆ చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాను. అమ్మ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించింది.

"ఆ ఎర్ర దీపం గుర్తు పెట్టుకో" అన్నాడు బావ అక్కతో, నాతో కాదు. "తాళం తిప్పగానే వెలగాలి, ఇంజన్ అందుకోగానే ఆరాలి." అక్క టార్చి తిరిగి ఇవ్వబోతే వద్దన్నాడు. "ఉంచు. దారిలో పనికొస్తుంది."

ఏ దారి అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. చేతులు కడుక్కుని, అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. ఉండమని ఎవరూ అనలేదు, ఉంటానని ఆయనా అనలేదు. అంత సులువుగా వదిలిపెట్టి వెళ్లేసరికి నా అనుమానం రెట్టింపయింది. ఫ్యూజు జేబులో వేసుకునే మనిషి, ఏమీ వేసుకోకుండా వెళ్లాడంటే ఎలా నమ్మడం?

సాయంత్రం అక్క బట్టలు సర్దుకుంటుంటే నేను కారులోకి దూరాను. బానెట్ దగ్గర నుంచి డాష్‌బోర్డు దాకా ప్రతి తీగనూ తడిమాను. అన్నీ గుత్తిలో బుద్ధిగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. సన్నటి తీగ, మిగతావాటితో కలవకుండా వేరుగా, డైనమో దగ్గర బయల్దేరి, ఇంజన్‌కూ సీట్లకూ మధ్య ఉన్న రేకు గోడలోని కంత గుండా మీటర్ల వెనక్కి వెళ్లింది. ఇంజన్‌తో పాటు యార్డు నుంచి తెచ్చిన కంప్యూటర్ డబ్బాకు దానితో సంబంధం లేదు. పనికొచ్చే తీగ అయితే ఇలా దొంగలా విడిగా ఎందుకుంటుంది? బండి ఎక్కడుందో చెప్పే పరికరాలు ఉంటాయని మా యార్డులో చూశాను. దొరికావురా అనుకున్నాను. జేబులో కట్టర్ ఉండనే ఉంది. డాష్‌బోర్డు కిందే కసుక్కున కోసి, రెండు కొసలూ లోపలికి తోసేశాను. అక్కకు చెబితే బావ పనిలో అబద్ధం ఆడడని మళ్లీ పాఠం చెబుతుంది, అందుకని చెప్పలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సోమవారం తెల్లవారకముందే బయల్దేరాం. నేను తోడు వెళ్లి, దింపి, బస్సులో వెనక్కి రావాలని ఏర్పాటు. వాన పడుతోంది. అక్క తాళం సగం తిప్పి ఆగింది.

"దీపం..."

"పద పద, అమ్మ లేస్తే ఏడుపు మొదలెడుతుంది" అన్నాను. అక్క సెల్ఫు కొట్టింది, ఇంజన్ అందుకుంది, ఆ మాట అక్కడితో పోయింది.

ఊరు దాటాక వాన బాగా పెరిగింది. ముందు దీపాలు, అద్దం తుడిచే చేతులు, ఆవిరి పోవడానికి ఫ్యాను అన్నీ వేసుకుని మెల్లగా వెళ్లాం. అక్క మొహంలో ఎన్నాళ్ల తర్వాతో వెలుగు చూశాను. స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తోంది. వంతెన ఒకటి దాటాం. ఇంకొంత దూరం పోయాక, అద్దం మీది చేతులు నీరసంగా కదలడం మొదలుపెట్టాయి. దీపాలు పసుపురంగుకు దిగాయి. ఇంజన్ రెండుసార్లు ఎగిరి, ఏ చప్పుడూ లేకుండా ఆగిపోయింది. కారు తనంతట తానే దొర్లి ఒక కల్వర్టు పక్కన నిలబడింది. తాళం తిప్పితే టక్ మని ఒక్క శబ్దం, అంతే.

అటూ ఇటూ పొలాలు, వాన. ఒక్క బండి లేదు.

"ఆయనకు ఫోను చెయ్యమంటావా?" అని నా నోటితో నేనే అన్నాను.

"చేస్తే ఎక్కడున్నామో చెప్పాలి" అంది అక్క. "ఈ రోడ్డు పేరు చెబితే ఊరి పేరు చెప్పినట్టే. ఇది ఇంకెక్కడికీ పోదు."

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. బావ.

ఎత్తకపోతే అనుమానిస్తాడని ఎత్తాను. అక్క వినేలా పెట్టాను.

"ఏం మరదలా, బండి ఏమైనా మొరాయించిందా?" గొంతు ఎప్పటిలా చల్లగా ఉంది.

"లేదే. ఎందుకు?"

"ఏం లేదు, వాన కదా, పాత బండి కదా అని అడిగా. ఆగిపోతే కంగారు పడకండి. వంతెన ఎలాగూ దాటేశారు కాబట్టి నీళ్ల భయం లేదు. అక్కడే ఉండండి, నేను బయల్దేరా. మీ అక్కను ఆదుర్దా పడొద్దని చెప్పు."

ఫోను పెట్టేశాడు. వంతెన సంగతి ఆయనకు మేం చెప్పలేదు. ఆ రోడ్డున వెళ్తున్నామనే చెప్పలేదు. అక్క మొహంలో రక్తం లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"పనిలో ఆడడు అనుకున్నాను" అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేను కోసేశాను కదా, ఎలా తెలుస్తుంది?"

"ఏం కోశావు?"

చెప్పాను. సన్నటి తీగ, డైనమో నుంచి మీటర్ల వెనక్కి. అక్క నా వైపు చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను. తిట్టినా బాగుండేది.

"అది ఎర్ర దీపం తీగ. అది ఉంటేనే డైనమో లేస్తుంది, బ్యాటరీ నిండుతుంది. ఇంత దూరం ఉన్న బ్యాటరీ తాగేసుకుంటూ వచ్చాం." గట్టిగా గాలి పీల్చుకుంది. "పొద్దున దీపం వెలగలేదు. నేను చూశాను. చూసి కూడా వచ్చాను. సరే, నీ కట్టర్ ఇలా ఇవ్వు."

బావ ఇచ్చిన టార్చి తలుపు అరలో ఉంది. అక్క డాష్‌బోర్డు కిందికి దూరింది. చీర కుచ్చిళ్లు బురదయ్యాయి, పట్టించుకోలేదు. తెగిన రెండు కొసలూ వెతికి పట్టుకుని, పంటితో ఒలిచి, మెలేసి కలిపింది. ఎన్నో ఏళ్లు పక్కన నిలబడి చూసిన చేతులు, తడబడుతూనే అన్నీ సరిగ్గా చేశాయి. టేపు లేదు. నా జడ రబ్బరు తీసి చుట్టింది. నేను రోడ్డు మీద నిలబడి వెనక్కే చూస్తున్నాను. మేం వానలో నత్తనడక నడిచి వచ్చాం, ఆయన మోటారు సైకిల్ మీద వస్తే ఎంతోసేపు పట్టదు. దూరంగా ఏ దీపం కదిలినా అది ఆయనదే అనుకుంటున్నాను.

"అక్కా, అయిందా? బయటికి రా."

"ఉండు."

"ఇంకేం ఉంది?"

"ఆదివారం ఆయన నన్ను బ్రేకు తొక్కమన్నాడు, నిన్ను వెనక్కి పంపాడు. గుర్తుందా?" లోపలి నుంచి గొంతు మెల్లగా వచ్చింది. "ఆయన ఎటు పట్టమంటే అటే లైటు పట్టాను. ఎప్పుడూ అంతే. నా అంతట నేను ఎటూ పట్టి చూడలేదు."

టార్చి వెలుగు నెమ్మదిగా ఎడమవైపుకు జరిగింది. సామాను పెట్టుకునే అర వెనక, తీగల గుత్తి లావుగా ఉన్నచోట ఆగింది. నేనూ వంగి చూశాను. నిన్న నేను అక్కడా తడిమాను. అతుకు అనుకుని వదిలేశాను. కారు మొత్తంలో అంత అందంగా చుట్టిన టేపు ఇంకెక్కడా లేదు. అక్క కట్టర్ మొనతో చీల్చింది. అగ్గిపెట్టంత నల్లడబ్బా బయటపడింది. కారు బ్యాటరీ చచ్చినా దాని లోపల ఏదో ఉంది కాబోలు, పచ్చటి చుక్క ఒకటి వెలిగి ఆరుతోంది.

బయల్దేరినప్పటి నుంచీ అది మా పక్కనే కూర్చుని వచ్చింది. నా తెలివితక్కువతనం వల్ల కారు ఆగకపోయి ఉంటే, అది అక్కతో పాటు ఆ ఊరికీ, ఆ గదికీ, రోగుల ఇళ్లకూ వెళ్లేది. కారు ఆగిందని తెలిసి ఫోను చేయకుండా ఉండలేకపోయాడు ఆయన. అక్కకు తన అవసరం పడిందంటే ఆయన నిలవలేడు.

"ఇలా ఇవ్వు, రాయి పెట్టి నలిపేస్తా" అన్నాను.

"వద్దు. ఇక్కడున్నామని ఆయనకు ఎలాగూ తెలుసు. బండి ఇక్కడే ఉందనుకోనీ" అంది అక్క.

వానలోంచి ఒక వ్యాను దీపాలు కనబడ్డాయి. మోటారు సైకిల్ కాదని తెలిశాక గాని నా ఊపిరి ఆడలేదు. రోడ్డు మధ్యకు వెళ్లి రెండు చేతులూ చాచి నిలబడ్డాను. బేకరీ రొట్టెలు తీసుకెళ్లే వ్యాను. డ్రైవరు పెద్దాయన, అద్దం దించి తల బయట పెట్టాడు.

"చావాలని ఉందా తల్లీ?"

"బ్యాటరీ పడిపోయింది బాబాయ్. నా దగ్గర జంపరు వైర్లున్నాయి. మీ బండి దగ్గరికి తెచ్చి కాస్త కరెంటు ఇస్తే చాలు."

"రొట్టెలు ఆలస్యమైతే నన్ను వేయించుకు తింటారు" అని గొణుగుతూనే వ్యాను ముక్కు మా కారు ముక్కుకు చేర్చాడు. వైర్లు తగిలించాను. యార్డులో ఎన్నిసార్లు చేశానో, ఇప్పుడు మాత్రం ఎరుపూ నలుపూ రెండుసార్లు సరిచూసుకోవాల్సి వచ్చింది. ఫోను మళ్లీ మోగింది. జేబులోనే మోగనిచ్చాను.

"కాసేపు ఆగండి, కొంచెం ఎక్కనివ్వండి" అన్నాడు డ్రైవరు. ఆ కాసేపు నా ప్రాణం తోకకు వచ్చింది. వంతెన వైపు నుంచి సన్నగా ఇంజన్ చప్పుడు వినిపించిందో, నా చెవులే అలా విన్నాయో ఇప్పటికీ తెలియదు.

అక్క సీట్లో కూర్చుని తాళం సగం తిప్పి ఆగింది. ఈసారి నేను తొందరపెట్టలేదు. ఎర్ర దీపం వెలిగింది. నా జడ రబ్బరు దాన్ని వెలిగించింది. సెల్ఫు కొట్టింది. ఒకసారి, రెండోసారి. ఇంజన్ అందుకుంది, దీపం ఆరింది.

"ఛార్జింగు పడ్డట్టుంది. ఇక ఎక్కడా ఆపకండి" అన్నాడు పెద్దాయన. వైర్లు పీకి నేను లోపలికి దూకాను. అక్క మాత్రం దిగింది. ఇంజన్ ఆగకుండా ఒక చెప్పు విప్పి పెడలు మీద ఇరికించి దిగింది. నల్లడబ్బాను కల్వర్టు గోడ మీద, వాన తగలని మూల పెట్టింది. దాని పక్కన టార్చి కూడా పెట్టింది. వెలిగించలేదు. అలా పెట్టి ఒక్క క్షణం చూసి వచ్చి కూర్చుంది.

ఫోను మూడోసారి మోగింది. ఈసారి ఎత్తాను.

"ఎక్కడున్నారు? వచ్చేస్తున్నా, దగ్గరికొచ్చేశా" అన్నాడు.

"నీకు తెలుసు కదా బావా" అన్నాను. "రా. నీ సామాను ఇక్కడే ఉంది."

ఆయన ఏదో అనబోయాడు. నేను ఫోను ఆపేసి, అందులోంచి సిమ్ము తీసి కిటికీలోంచి వానలోకి విసిరేశాను. అక్క గేరు వేసింది. కారు ఒక్క కుదుపుతో కదిలింది. నేను వెనక అద్దంలోంచి కల్వర్టు కనబడ్డంతసేపూ చూశాను. మోటారు సైకిల్ కనబడలేదు. అక్క ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఆమె కళ్లు రోడ్డు మీద, మధ్యమధ్య ఆరిపోయి ఉన్న ఎర్ర దీపం మీద.

"ఇంకెక్కడికీ పోదన్నావు కదా ఈ రోడ్డు" అన్నాను. "ఊరి పేరు తెలిసిపోయినట్టేగా."

"నాకు వచ్చిన ఉద్యోగాలు రెండు" అంది అక్క. "రెండోది నీకు కూడా చెప్పలేదు. వెనక్కి వంతెన దాకా పోకుండా ఆ ఊరికి ఇక్కడి నుంచే మట్టి అడ్డదారి ఒకటి చీలుతుంది."

నా మీద నమ్మకం లేదా అని అడుగుదామనుకుని, జేబులో కట్టర్ తగిలి ఊరుకున్నాను.

కొంచెం దూరం పోయాక రోడ్డు చీలింది. అక్క ఇండికేటర్ వేసింది. ఎటు వేసిందో నేను ఇప్పటికీ అమ్మకు కూడా చెప్పలేదు.